మీ నాయనను బాయికాడికి పోనియ్యి

తొర్రూరు,
మృగశిర కార్తె.

చిరంజీవి అల్లుడికి మేనత్త దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అవుననలేదు, కాదనలేదు. నిలబడి జవాబు చెప్పే మాట కాదది. అందుకే కాగితం పట్టిన. తీరికగా చదువు, కోడలుపిల్లకు కూడా చదివి వినిపించు.

మీ నాయనకు రెండు కండ్లలోనూ నీటికాసులున్నయని, పక్కచూపు చాలావరకు పోయిందని డాక్టరు చెప్పిన దినం నుంచి నీకు నిద్ర పడుతలేదు. పొలం కౌలుకిచ్చి, ఆయనను ఉప్పల్‌కు తోలుకపోయి, మీ ఇంట్లో కిటికీ పక్కన మంచం వేసి, కాలు కింద పెట్టనియ్యకుండా చూసుకుంటనన్నవు. తండ్రి మీద ఇంత పాణం పెట్టుకున్న కొడుకు ఉండటం మా అన్న అదృష్టం. కానీ బిడ్డా, ఆ పని చెయ్యొద్దు. కండ్లకు చేయించాల్సిన వైద్యమంతా చేయించు, దాంట్లో ఒక్క దినం కూడా ఆలస్యం వద్దు. చేనును మాత్రం ఆయన చేతుల నుంచి తీసుకోకు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్ననంటే, మీ తాత బతుకంతా నా కండ్ల ముందు నడిచింది.

తాత నీకు తెలుసనుకుంటవు. హనుమకొండ హాస్టల్ నుంచి ఎండకాలం సెలవులకు వచ్చినప్పుడు అరుగు మీద కూసొని పగ్గం పేనే తాత నీకు తెలుసు. ఆ నెలల్లో చేన్లో పని ఉండదు గనక ఆయన అరుగు మీదనే దొరికేటోడు. వానకాలం తాతను, యాసంగి తాతను నువ్వు చూడలేదు.

ఆయనది పుట్టుగుడ్డి కాదు. కుడికన్ను కల్లంలో పోయింది. వడ్లు కొడుతుంటే గడ్డిపోచ ఎగిరి కంట్లో గీసుకున్నది. ఒకరు ఆకుపసరు పిండిండ్రు, ఇంకొకరు చనుబాలు పోయమన్నరు. కొన్నాళ్లకు నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వేసింది, అది మళ్ల కరగలేదు. ఇట్లాంటిది వ్యవసాయం చేసే చోట ఇప్పటికీ జరుగుతనే ఉన్నది. వరి ఆకు కోసుకున్నా, ఊక పడ్డా కంటి మీది పారదర్శకమైన పొర గీరుకుపోతది. ఆ గీతలోకి చెత్తలో ఉండే బూజు దిగి పుండు చేస్తది. అప్పుడు ఎవరినీ అడగకుండా మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే ఎరుపు తగ్గినట్టే ఉంటది, లోపల బూజు మరింత పెరుగుతది. మన పొలంలో కోతలప్పుడు గడ్డి ఎత్తేవాళ్లకు, మీ నాయనకు, కండ్లకు అడ్డంగా పెట్టుకునే అద్దాలు కొనిపెట్టు. పెద్ద ఖర్చేం కాదు.

ఎడమకన్ను సంగతి వేరు. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఏండ్ల తరబడి మెల్లమెల్లగా పోయింది. గడప కాలికి తగిలేది. పక్కనుంచి వచ్చే ఎద్దు మీదికి వచ్చేదాకా ఆయనకు కనిపించేది కాదు. మోతెబిందు అనుకున్నరందరూ. అప్పట్లో శుక్లం బాగా ముదిరినాకనే తియ్యాలని జనం నమ్మకం. కంట్లో లెన్సు పెట్టే పద్ధతి ఊర్లకింకా రాలేదు, శిబిరంలో పొర తీసి లావు అద్దాలిచ్చేటోళ్లు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి దవాఖాన డాక్టర్ పి. శివారెడ్డి వంటివాళ్లు పెట్టిన శిబిరాలతో ఎందరికో చూపు తిరిగొచ్చిన కాలమది. ముదరనియ్యమని పెద్దమనుషులన్నరు, మా నాయన ఆగిండు. తీరా వరంగల్ తీసుకపోతే డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, ఇది పొర కాదు, నరమే దెబ్బతిన్నది, పోయిన చూపు ఇక రాదన్నడు.

శుక్లంలో కంటి కటకం మసకబారుతది, దాన్ని తీసి వేరేది పెడితే చూపు వస్తది. నీటికాసులు అట్లా కాదు. చూపును మెదడుకు మోసే నరం చచ్చిపోతది, ఎక్కువమందిలో దానికి కారణం కంటి లోపల పెరిగిన ఒత్తిడి. పక్కచూపు ముందు పోతది గనక ఎదురుగా ఉన్నది కనిపిస్తనే ఉంటది, మనిషికి అనుమానం రాదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరిలో పదివేల మందికి పైగా కండ్లు పరీక్షించి చూస్తే, ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైనంక మన ఊర్లల్ల ఎందరో ముసలోళ్ల ముక్కు మీదికి మొదటిసారి అద్దాలు వచ్చినయి. అద్దాలొచ్చినయి గనక కండ్లు బాగున్నయని ఎవరూ ఊరుకోవద్దు. నంబరు చూడటం వేరు, ఒత్తిడి కొలిచి నరాన్ని చూడటం వేరు.

ఇది రక్తంలో నడిచే జబ్బు. తాతకున్నది, మీ నాయనకొచ్చింది. నేను ఏటా చూపించుకుంటున్న. నీకు నలభై దగ్గర పడుతున్నయి. ఈ నెల దాటకుండా నువ్వు కూడా పోయి చూపించుకో. ఈ ఒక్క విషయంలో నీ దగ్గర ఏ సాకూ వినను.

ఇక తాత వ్యవసాయం సంగతి.

చూపు పూర్తిగా పోయిన ఏడు నాయన మంచం దిగలేదు. చుట్టాలు చావుకొచ్చినట్టు వచ్చి, ఏడ్చి పోయేటోళ్లు. ఏం కావాలన్నా చేతికందించేటోళ్లం. చెంబు దగ్గర నుంచి చెప్పుల దాకా అన్నీ ఎవరో ఒకరు తెచ్చిచ్చేది. ఆయన తిండి తగ్గింది, మాట తగ్గింది. బాగా చూసుకుంటున్నరని ఊరంతా మెచ్చుకున్నది, ఆయన మాత్రం దినదినం చిక్కిపోయిండు.

తొలకరి పడ్డది. చెలకలో పెసర వెయ్యాలె. పదును అందిందని జీతగాడు, అందలేదని మా అమ్మ. ఇద్దరికీ ఎటూ తేలలేదు. అమ్మ చెలకకు పోయి, జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చి నాయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పిసికి ముద్ద చేసిండు, బొటనవేలితో నొక్కి విడగొట్టిండు, వాసన చూసిండు. పైన తడిసింది గానీ కింద అందలేదు, ఇంకో వాన కానియ్యిమన్నడు. మా ఇంట్లో ఎన్నో దినాల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట అదే. మరునాడు మట్టి ఇంటికెందుకు తెస్తవు, నన్నే చేనుకు తోలుకపో అన్నడు.

మీ నాయనమ్మకు చదువు లేదు. ఏ పుస్తకంలో చూసి చేసిందో అనిపించేటంత తెలివిగా ఆ తర్వాతి పనులన్నీ చేసింది. ఊరి బాట నుంచి తుమ్మచెట్టు దాకా, తుమ్మచెట్టు నుంచి బాయి దాకా ఒరం పొడుగునా గుంజలు పాతించి నడుమెత్తున తాడు కట్టించింది. బాయికి మేర లేకుంటే రాళ్లతో నడుమెత్తు గోడ పెట్టించింది. కొడవలి, పార, తట్ట ఏది ఎక్కడుండాలో అక్కడే ఉండాలె, ఎవరు తీసినా మళ్ల అక్కడే పెట్టాలె. ఈ ఒక్క కట్టడి తప్పిన దినం మాత్రం ఆమె ఇంట్లో ఎవరినీ వదిలేది కాదు. మొదటి పంటకాలం నాయన తాడు పట్టుకొని నడిచిండు. తర్వాత తాడు పక్కనే నడిచిండు. ఆ తర్వాత తాడు చివికి తెగిపోయినా ఎవరూ మళ్ల కట్టలేదు. చెప్పులు ఒడ్డున విడిచి పెట్టేటోడు, అరికాలికే ఒరం తెలిసేది.

మడిలోకి నీళ్లు పడే చప్పుడును బట్టి మడి నిండిందో లేదో చెప్పేటోడు. ఒట్టి మన్ను మీద పడే నీటి చప్పుడు వేరు, నిలిచిన నీటి మీద పడేది వేరు. ఒరానికి ఎండ్రికాయ బొక్క పడి నీళ్లు కింది మడికి జారుతుంటే, మనకు కనిపించేలోపల ఆయనకు వినిపించేది. వరి పొట్టకొచ్చిందంటే మొదలు పట్టుకొని పైకి నిమిరి, లోపలి కంకి ఉబ్బును వేళ్లతో చూసేటోడు. ఈనినంక నిలువునా నిలబడ్డ కంకులేమన్నా తగిలితే మెల్లగా గుంజి చూసేటోడు. ఊడి చేతికొస్తే మొగిపురుగు కొట్టిందన్నట్టు. పాలు పోసుకున్న కంకి తలవంచుతది, తాలుకంకి నిక్కి నిలబడుతది, అది చేతికే తెలుస్తది. మిరపతోటలో ఆకు తడిమి ముడత పట్టిందో లేదో చెప్పేటోడు. వడ్లు ఆరినయా అంటే రెండు గింజలు పంటి కింద పెట్టి చెప్పేటోడు. ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే వడ్లు ఆరబోసుకొని రమ్మంటరు, మిషను పెట్టి చూస్తరు. ఆయనకు పన్నే మిషను.

ఇవన్నీ చూపు పోయినంక దేవుడిచ్చిన విద్యలని ఊరోళ్లు అనేటోళ్లు. నాకు ఆ మాట నచ్చదు. అవి చిన్నప్పటి నుంచి చేన్లో తిరిగిన కాళ్లు, చేతులు, చెవులు నేర్చుకున్న విద్యలు. కండ్లున్నప్పుడూ ఆయన దగ్గరున్నయి. మీ నాయన దగ్గర కూడా ఇప్పుడు ఉన్నయి. ఉప్పల్‌లో ఆరో అంతస్తు ఇంట్లో అవి ఎందుకూ పనికిరావు. అక్కడికి పోతే ఆయన ఒట్టి చూపు తగ్గిన ముసలాయన అవుతడు. ఇక్కడుంటే చూపు తగ్గిన రైతు.

కరెంటు ముచ్చట కూడా చెప్పాలె. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వచ్చేది ఏడు గంటలే, అది కూడా విడతలు విడతలుగా, అర్ధరాత్రి ఒక విడత. రాత్రిపూట మోటరు పెట్టపోయి పాము కరిచి, షాకు కొట్టి పోయిన రైతులు మన దిక్కు ఎంతమందో. మా వాడకట్టులో మొగోళ్లందరూ బ్యాటరీ లైట్లు పట్టుకొని, భయపడుకుంట పోయేటోళ్లు. నాయనకు పగలూ రాత్రీ ఒక్కటే. కర్రతో ముందు నేల తడుతూ, దగ్గుతూ, చప్పుడు చేసుకుంట పోయేటోడు. పక్క పొలాలోళ్లు కూడా, కాకా, మా మోటరు నడుస్తున్నదో లేదో జర విని రా అని ఆయనకే చెప్పేటోళ్లు. స్టార్టరు డబ్బాను మాత్రం అమ్మ రేకుల కింద, ఎండిన చెక్క మీద, ఆయన ఛాతీ ఎత్తున పెట్టించింది. బటన్ నొక్కడమే ఆయన పని, ఫీజు పోతే ముట్టేది లేదు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది, అప్పటికి నాయన లేడు.

ఆయన చెయ్యని పనులు కూడా ఉండె. మందు కొట్టేది లేదు. మిషను పట్టీ దగ్గరికి పోయేది లేదు. కత్తితో తాటిమట్ట నరికేది లేదు. ఏది చెయ్యొద్దో ఆయనే చెప్పుకున్నడు, మేం గీత గియ్యలేదు. మీ నాయన విషయంలో కూడా ఆ గీతను ఆయననే గియ్యనియ్యి.

తాతను నీ ముందు దేవుణ్ని చెయ్యను. చూపు పోయిన బాధంతా అమ్మ మీద కోపంగా తీసేటోడు. కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేసిన దినాలున్నయి. ఒక్కోసారి గొడ్లకొట్టంలో ఒంటరిగా ఏడ్చేటోడు. పొలం ఆయన దుఃఖాన్ని పోగొట్టలేదు. దుఃఖం పక్కన ఇంకో పని పెట్టింది, అంతే. మీ నాయనకు కూడా కోపం వస్తది, ఇప్పటికే వస్తుండొచ్చు. అది నీ మీద కాదని తెలుసుకో.

మొన్న గోడ మీద పసుపుపచ్చ పువ్వులు, చిన్నచిన్న పిల్లలు కనిపిస్తున్నరని ఆయన అంటే నువ్వు హడలిపోయినవు. మీ అత్తగారి దిక్కువాళ్లు గాలి సోకిందన్నరట, తాయెత్తు కట్టిద్దామన్నరట. తాతకు కూడా అట్లనే కనిపించేది. లేని ఎడ్లు మడిలో దిగినయని కేకలేసేటోడు. 1760లో జెనీవా ఊరి చార్లెస్ బొనె అనే ప్రకృతి శాస్త్రవేత్త తన తాత గురించి రాసిండు. తొంభై ఏండ్లకు దగ్గరపడ్డ ఆ పెద్దమనిషికి శుక్లాలతో చూపు తగ్గింది. ఎదురుగా మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి. అవి నిజం కావని ఆయనకు తెలుసు, బుద్ధి చక్కగానే ఉన్నది. కండ్ల నుంచి బొమ్మలు రావడం తగ్గినప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు కడుతదట. ఈ స్థితికి డాక్టర్లు ఆ మనవడి పేరే పెట్టిండ్రు. కాబట్టి తాయెత్తు వద్దు, భయం వద్దు. డాక్టరుకు ఈ మాట కూడా తప్పకుండా చెప్పు. మీ నాయనతో, నీకు పిచ్చి కాదు, కండ్లు పోతున్నోళ్లకు ఇట్లా అవుతదని చెప్పు. ఆయన లోపల ఎంత బెదిరిపోయి ఉన్నడో, ఆ మాట విన్నంక ఆయన మొఖం చూస్తే నీకే తెలుస్తది.

చుక్కల మందు విషయంలో మాత్రం మెతకగా ఉండొద్దు. ఏ పూటది ఆ పూటకే, అదే వేళకు. రెండు రకాల చుక్కలుంటే ఒకదానికీ ఇంకోదానికీ నడుమ అయిదు నిమిషాలు ఆగాలె, లేకుంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తది. చుక్క వేసినంక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో కాసేపు ఒత్తి పట్టాలె. ఒక సీసాకు రబ్బరు బ్యాండు చుట్టితే తడిమి గుర్తుపడుతడు. ఆయనకు చలికాలంలో ఆయాసం వస్తదని డాక్టరుకు చెప్పినవా? చెప్పకుంటే ఇప్పుడే చెప్పు, కొన్ని చుక్కలు ఆయాసం ఉన్నోళ్లకు పడవు. చూపు బాగానే ఉన్నట్టున్నది గదా అని మానేస్తనంటడు. ఆ మందు చూపును పెంచదు, ఉన్నదాన్ని నిలుపుతది. ఈ తేడా ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పు.

పొలం కాడ చెయ్యాల్సింది నేను ఇక్కడుండి చేయిస్త. పాతబాయికి గోడ లేపిస్త. ఒరాలు వెడల్పు చేయిస్త, గట్టు మీద గుంజలకు తెల్లసున్నం కొట్టిస్త, ఎదురుగా చూపు ఇంకా ఉన్నది గనక అవి కనిపిస్తయి. మోటరుకు ఎర్తింగు సరిగ్గా ఉన్నదో లేదో కరెంటాయనను పిలిపించి చూపిస్త. నీ వంతు ఏందంటే, ఆయన ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించే సదుపాయం పెట్టి, ఎట్లా వాడాలో ఓపికగా నేర్పు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551 ఒక బటన్ నొక్కితే కలిసేటట్టు పెట్టు. తెలుగులో మాట్లాడుతరు, పురుగు గురించి, ఎరువు గురించి ఎవరి చేతా చదివించుకోకుండా ఆయనే అడగొచ్చు.

కాగితాల సంగతి ఇంకొకటి. పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరు మీదనే ఉండనియ్యి. కౌలు కాగితమైనా, బ్యాంకు కాగితమైనా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించకుండా సంతకం పెట్టించొద్దు, ఎంత చిన్న కాగితమైనా సరే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఆస్తి పెట్టుకునే, తన పైసల వ్యవహారం తానే నడుపుకునే హక్కు చూపు లేనోళ్లకు అందరితో సమానమని అందులో ఉన్నది. చట్టం ఉన్నా లేకున్నా ఇంట్లో ఆ మర్యాద ఉండాలె. చూపు ఇంకా తగ్గితే సదరం పరీక్షకు తోలుకపోవాలె, వైకల్యం నలభై శాతం గానీ, అంతకు మించి గానీ ఉంటే ధ్రువపత్రం ఇస్తరు.

నువ్వు అనొచ్చు, కండ్లు లేకున్నా ఎందరో వేరే పనుల్లో పైకొచ్చిండ్రు గదా, పొలమే ఎందుకని. నిజమే. మచిలీపట్నం దగ్గర రైతు ఇంట్లో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పొలం ఆయన దారి కాలేదు. చదువు కోసం కోర్టు దాకా పోయి, అమెరికాలో చదివి, హైదరాబాద్‌కు తిరిగొచ్చి ఫ్యాక్టరీ పెట్టిండు. ఎవరి దారి వాళ్లది. మీ నాయనకు వేరే దారి మీద మనసు లేదు. ఆయనకు తెల్లారంగనే ఆకేరు దిక్కు నుంచి వచ్చే గాలి మొఖానికి తగలాలె, సద్ది బాయికాడ తినాలె, మోటరు చప్పుడు వినాలె. డెబ్బై ఏండ్లకు ఆయన కొత్తగా ఇంకోటి ఇష్టపడాలని మనం ఎట్లా అడుగుతం?

పడతడని భయమన్నవు. పడొచ్చు. బాత్రూంలో జారి పడ్డోళ్లు పట్నంలోనే నాకు ఎక్కువ తెలుసు. పడకుండా చెయ్యగలిగినంత చేద్దాం, ఆ తర్వాత ఆయనను నమ్ముదాం.

కౌలుకు అడిగినాయనకు ఇప్పుడే వద్దని చెప్పు. ఒంటరిగా రెండెకరాలు కష్టమనిపిస్తే సగం పాలుకిద్దాం, సగం ఆయన చేతిలోనే ఉంచుదాం. అది కూడా మీ నాయనతో కూసొని మాట్లాడినంకనే. ఆయన లేని చోట ఆయన పొలం గురించి నువ్వూ నేనూ ఇన్ని మాటలు మాట్లాడుకునుడు ఇదే ఆఖరు కావాలె. ఈ ఉత్తరం కూడా ఆయనకు చదివి వినిపించు, నేను రాసిన దాంట్లో ఆయనకు నచ్చనిది ఉంటే ఆయన చెప్పినట్టే చేద్దాం.

ఆరుద్ర కార్తె రాకముందే నారుమడి దున్నించాలె. ఈసారి సన్నాలు పొయ్యాల్నా దొడ్డువడ్లు పొయ్యాల్నా, విత్తనం ఎక్కడ తేవాలె అని ఆయననే అడిగి, శనివారంలోగా నాకు ఫోన్ చెయ్యి. నేను ట్రాక్టరాయనకు చెప్పి పెడత. హైదరాబాద్‌లో ఆయన కంటి పరీక్ష ఎప్పుడున్నదో కూడా చెప్పు, అదే పొద్దున నీ కండ్లు కూడా చూపించుకో.

కోడలుపిల్లకు, పిల్లలకు దీవెనలు.

మీ మేనత్త